ఎవరి టిక్కు వాళ్ళదే

మయూర్ విహార్, ఢిల్లీ
5 సెప్టెంబరు 2005

నా బంగారు అనుగ్రహకు,

అమ్మమ్మ ముద్దులు. కోపం కూడా ఉంది, కానీ దానికి రెండో పేజీ దాకా ఆగు.

నిన్న ఫోనులో నువ్వన్న మాట ముందు సరిచేయాలి. "నానీ, చై స్క్వేర్ నే ప్రూవ్ కర్ దియా, యంగ్‌స్టర్స్ కో తెలుగు సర్వీస్ నహీ చాహియే" అన్నావు. కుర్రకారుకి తెలుగు ఆరాధన అక్కర్లేదని రుజువైపోయిందట! ఒక్క వాక్యంలో మూడు తప్పులు. అది చై కాదు, కై. ఇది చిన్న తప్పు, క్షమించాను. రెండు, కై స్క్వేర్ దేన్నీ రుజువు చేయదు. అది తీర్పు చెప్పే జడ్జీ కాదు; గేటు దగ్గర నిలబడి "ఇక్కడేదో ఉంది, వచ్చి చూడండి" అని కేకేసే చౌకీదారు. మూడు, యంగ్‌స్టర్స్‌కి ఏం కావాలో నీ పట్టికకు తెలియనే తెలియదు. ఎందుకు తెలియదో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే "అచ్ఛా నానీ, ఠీక్ హై నానీ" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు. పెట్టినా అది బల్ల మీద నుంచి నీకేసే చూస్తూ ఉంటుంది.

సర్కారు వారి గణాంకాల ఆఫీసులో పనిచేసి రిటైరైనదాన్ని. ఫైలు మొదటి పేజీలో విషయం రాయకపోతే నాకు పెన్ను కదలదు. కాబట్టి నీకు తెలిసిందే అయినా విను. మన తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారాలు బడి హాలు అద్దెకు తీసుకుని, ఉదయం ఇంగ్లీషులో, సాయంత్రం నాలుగింటికి తెలుగులో ఆరాధన జరుపుకుంటుంది. జనవరి నుంచి ఒక్క పూటే ఇస్తామని బడివాళ్ళు కబురు చేశారు. రెంటిలో ఏది ఉండాలి? సంఘ కార్యదర్శి, అనగా నా అల్లుడు, అనగా మీ నాన్న కృపారావుగారు, ఒక సర్వే చేయించారు. ఫారంలో రెండే ప్రశ్నలు. తెలుగు మాట్లాడతారా? ఏ ఆరాధన ఉండాలి? నింపిన ఫారాల కట్ట గ్రేటర్ నోయిడాలో ఎంబీఏ వెలగబెడుతున్న కూతురికి పంపారు. కూతురు కాలేజీ కంప్యూటరు మీద కై స్క్వేర్ కట్టి రిపోర్టు పంపింది. అక్టోబరు తొమ్మిదిన కమిటీ కూర్చుని, ఆ రిపోర్టు చూసి తెలుగు ఆరాధనను సాగనంపబోతోంది. విషయం సమాప్తం.

ఇప్పుడు నీ లెక్క సంగతి. మన దగ్గర ఆరాధన అయ్యాక చాయ్, కాఫీ రెండూ పెడతారు కదా. వచ్చినవాళ్ళలో సగం మంది కాఫీ తాగుతారనుకో. కళ్ళజోడుకీ కాఫీకీ సంబంధం లేకపోతే, జోడు ఉన్నవాళ్ళలోనూ దాదాపు సగమే కాఫీ తాగాలి, లేనివాళ్ళలోనూ దాదాపు సగమే తాగాలి. ఇది అంచనా. తర్వాత వెళ్ళి కప్పులు లెక్కపెడతావు. అంచనాకీ కప్పులకీ మధ్య ఉన్న తేడాని వర్గం చేసి, అంచనాతో భాగించి, గడి గడికీ కూడితే వచ్చేదే కై స్క్వేర్. అది చిన్నదైతే, కాకతాళీయం అని వదిలేస్తాం. మరీ పెద్దదైతే, జోళ్ళకీ కాఫీకీ ఏదో లంకె ఉందని అనుమానిస్తాం. ఆ లంకె ఏమిటో మాత్రం అది చెప్పదు. జోడు పెట్టుకునేవాళ్ళు ముసలివాళ్ళు కావచ్చు, ముసలివాళ్ళకి ఆంధ్రాలో అబ్బిన కాఫీ అలవాటు ఇక్కడికొచ్చినా పోకపోవచ్చు. కాఫీ తాగితే చూపు మందగిస్తుందని ఎవరైనా రిపోర్టు రాస్తే మా ఆఫీసు మెట్లు ఎక్కనిచ్చేవాళ్ళం కాదు.

నీ పట్టిక తీసుకో. నూట ఇరవై ఫారాలు. తెలుగు మాట్లాడేవాళ్ళు డెబ్బై రెండు, మాట్లాడనివాళ్ళు నలభై ఎనిమిది. తెలుగు ఆరాధన కోరినవి అరవై, ఇంగ్లీషు కోరినవి అరవై. సంబంధమే లేకపోతే మాట్లాడేవాళ్ళు ముప్పై ఆరు, ముప్పై ఆరుగా చీలాలి. మాట్లాడనివాళ్ళు ఇరవై నాలుగు, ఇరవై నాలుగుగా చీలాలి. నీకు వచ్చినవి మొదటి వరుసలో యాభై ఒకటి, ఇరవై ఒకటి. రెండో వరుసలో తొమ్మిది, ముప్పై తొమ్మిది. ప్రతి గడిలోనూ పదిహేను తేడా. కాగితం మీద చేసి చూశాను, 31.25. నీ లెక్కలో తప్పు లేదు. ఇలాంటి పట్టికకు 3.84 దాటితేనే కనుబొమ్మలు ఎత్తుతాం, నీది ముప్పై దాటింది. కంప్యూటరు దాని పక్కన .000 అని వేసింది. మీ నాన్న దాన్ని "తప్పయ్యే అవకాశం సున్నా" అని చదివి ఇంటికొచ్చిన వాళ్ళందరికీ వినిపిస్తున్నారు. సున్నా కాదు తల్లీ. మూడు స్థానాల తర్వాత రాసే ఓపిక ఆ యంత్రానికి లేదంతే. పైగా అది చెప్పేది మన మాట తప్పయ్యే అవకాశం గురించి కాదు. అసలు ఏ సంబంధమూ లేకపోయినా వట్టి కాకతాళీయంగా ఇంత తేడా పడటం ఎంత అరుదో, అది చెబుతోంది. అదీ ఒక షరతు మీద. ఆ షరతునే మనవాళ్ళు తుంగలో తొక్కారు.

నాకు అనుమానం ఎక్కడ మొదలైందంటే, వచ్చినవాళ్ళందరూ ఫారాలు నింపారని నీ రిపోర్టులో ఉంది. నాకు ఫారమే రాలేదు. మీ నాన్న పేపరు చదువుకుంటుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"బాబూ, నా ఫారం ఏది?"

"నింపేశాను అత్తయ్యగారూ."

"నాకు చేతులు పడిపోయాయని ఎవరు చెప్పారు?"

"అయ్యో, అది కాదండీ. మీరు చాయ్ దగ్గర ఉన్నారు. ఎలాగూ మీది తెలుగే కదా అని తెలుగుకే పెట్టాను."

"అనూది?"

"దానిది ఇంగ్లీషు. తెలుగు మాట్లాడదు కదా. పైగా హాస్టల్లో ఉంది."

"దాని తమ్ముడు లెవిది?"

"వాడిదీ అంతే."

"మరి మీ ఆవిడది?"

అప్పుడాయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. మీ అమ్మ వంటింట్లోంచి "ఏ ఫారం?" అని అడిగింది.

సాయంత్రం పార్కులో పెద్దిరాజుగారు కనిపిస్తే ఆయన్నీ అడిగాను. ఆయన ఆరు నింపారట. తనది, భార్యది, తల్లిది, ముగ్గురు పిల్లలది. "ఇంట్లో అందరిదీ ఒకే మాట కదండీ, మళ్ళీ అందరికీ పెన్నులు ఎక్కడ తెస్తాం?" అన్నారు, రేషన్ కార్డులో కుటుంబ పెద్ద పేరు రాసినంత ధీమాగా. మనవాళ్ళ తీరే అంత. పెళ్ళి కార్డు వచ్చినా, గ్యాసు కనెక్షన్ కాగితం వచ్చినా, ఇంటికొకరే పెన్ను తీస్తారు. ఆ చేత్తోనే సర్వే కూడా కానిచ్చారు.

ఇందులో తప్పేముందంటావా? నీ నూట ఇరవై ఫారాలూ జిరాక్స్ షాపుకు తీసుకెళ్ళి ఒక్కో కాపీ తీయించి, అవీ ఇవీ కలిపి మళ్ళీ లెక్క కట్టు. 31.25 కాస్తా 62.5 అవుతుంది. లోకంలో నిజమేమైనా రెట్టింపయిందా? లేదు. కాగితాలు పెరిగాయి. ప్రతి ఫారమూ వేరే మనిషి, వేరే మనసు అయితేనే కై స్క్వేర్ మాటకు విలువ. పెద్దిరాజుగారు ఆరు నింపడమంటే పెద్దిరాజుగారిని ఐదుసార్లు జిరాక్స్ తీయడమే. తెలుగు మాట్లాడే పెద్దవాళ్ళకి తెలుగు కావాలి, మాట్లాడని పిల్లలకి అక్కర్లేదు అని తండ్రులందరూ నమ్ముతున్నారు. ఆ నమ్మకాన్నే ఇంటింటికీ నాలుగేసి కాపీలు తీసి నీకు పంపారు. నీ పట్టికలో కనిపిస్తున్నది పిల్లల మనసు కాదు, తండ్రుల నమ్మకం.

ఇక కోపం. నువ్వు తెలివిగలదానివి. ఆ ఆదివారం నువ్వు హాలులోనే లేవు. అయినా నీ పేరిట ఒక ఫారం ఉందని నీకు తెలుసు. మీ నాన్న నీతో చెప్పే పంపారట. "తెలుగు మాట్లాడదు" అన్న గడిలో నిన్ను కూర్చోబెట్టినా ఊరుకున్నావు. నా చేతి గొలుసుకట్టు రాతలో ఇన్ని పేజీలు, నిఘంటువు పక్కన పెట్టుకోకుండా చదువుతున్న పిల్లవి. ఎందుకు ఊరుకున్నావు? రెండేళ్ళుగా సాయంత్రం ఆరాధనకు ఎందుకు రావడం లేదు? పరీక్షలని మాత్రం రాయకు. పరీక్షలు ఏడాది పొడుగునా ఉండవని నాకు తెలుసు.

జవాబు నీకు ఏ భాషలో వస్తే ఆ భాషలోనే రాయి.

నీ అమ్మమ్మ,
జయకుమారి


మయూర్ విహార్
19 సెప్టెంబరు 2005

అనూ తల్లీ,

నీ ఉత్తరం చేరింది. ఇంగ్లీషులో చాలా బాగా రాశావు, బాగుందని సంతోషించే స్థితిలో మాత్రం నేను లేను. ఒకసారి చదివి మడిచి పెట్టాను. మర్నాడు మళ్ళీ తీశాను. నాకు సరిగ్గా అర్థమైందో లేదో తెలియాలని నీ మాటలే తెలుగులో చెబుతున్నాను. తప్పుంటే దిద్దు.

రెండేళ్ళ కిందటి క్రిస్మస్ కార్యక్రమంలో వాక్యం చదవడానికి నిన్ను లేపారు. ఇంట్లో వారం రోజులు నా దగ్గర చదివి వెళ్ళావు. అక్కడ మైకు ముందు నిలబడేసరికి ఒక చోట ఆగిపోయావు. తడబడ్డావు. వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో చివరి దాకా పరుగెత్తించి వచ్చి కూర్చున్నావు. తర్వాత చాయ్ దగ్గర కమలాకుమారి ఆంటీ "ఢిల్లీ పిల్ల బైబిలుని ఆటోవాడితో బేరమాడినట్టు చదివింది" అంది. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వారు.

నీ ఉత్తరంలో ఈ చివరి వాక్యం ఒక్కటే కొట్టివేసి మళ్ళీ రాశావు.

ఆ రోజు నుంచి ఇంటి బయట తెలుగు మాట్లాడటం మానేశావు. తర్వాత ఇంట్లోనూ. తెలుగు ఆరాధనే లేకపోతే, నువ్వు తడబడిన చోటే లోకంలో ఉండదనుకున్నావు. అందుకే కంప్యూటరు మీద ఆ అంకె కనబడగానే నీకు లోపల హాయిగా అనిపించింది. ఎవరు నింపారు, ఎలా నింపారు అని అడగాలనిపించలేదు. అడిగితే ఆ అంకె పోతుందేమోనని భయం.

ఇదే కదా నువ్వు రాసింది?

నిన్ను తిట్టను. నాకు ఆ విద్యలో ఎంత నేర్పు ఉన్నా ఈసారి వాడను. నచ్చిన అంకె కనబడితే దాన్ని ప్రశ్నించకుండా ఇంటికి తెచ్చుకోవాలనిపించడం మా ఆఫీసులో పెద్ద పెద్దవాళ్ళలోనే చూశాను. మనకు ఇష్టం లేని అంకెను పదిసార్లు దులిపి చూస్తాం. ఇష్టమైనదాన్ని చేతులెత్తి ఆహ్వానిస్తాం. కాబట్టి హాయిగా అనిపించినప్పుడే రెండోసారి చూడాలని మా కింద చేరిన కుర్రాళ్ళకు చెప్పేదాన్ని. నీకూ అంతే చెబుతాను, అంతకంటే ఎక్కువ కాదు.

కమలాకుమారి సంగతి అంటావా, ఆవిడ నోటికి గేటు లేదు. నలభై ఏళ్ళ నుంచి ఢిల్లీలో ఉండి ఆటోవాళ్ళతో హిందీలో ఎలా బేరమాడుతుందో నేను స్వయంగా విన్నాను. విన్న ఆటోవాడు మీటరు వేసి నడిపేశాడు. మీ నాన్న నవ్వడం మాత్రం నేను చూడలేదు. చూసుంటే అక్కడే అడిగేదాన్ని. ఇప్పుడు నీ తరఫున నేను వెళ్ళి అడగను. అది నువ్వు అడగాల్సిన మాట. ఎప్పుడడుగుతావో, అడుగుతావో లేదో, నీ ఇష్టం.

కానీ ఒక్క విషయం ఆలోచించు. నీ పట్టికలో "మాట్లాడరు" అన్న వరుసలో నలభై ఎనిమిది మంది ఉన్నారు. ఫారం అడిగింది మాట్లాడతారా అని. అర్థమవుతుందా, చదువుతారా, పాట వస్తే పెదాలు కదుపుతారా అని ఎవరూ అడగలేదు. మీ తరం పిల్లలందరూ నాలాంటివాళ్ళు తెలుగులో తిడితే పొల్లు పోకుండా అర్థం చేసుకుని హిందీలో జవాబు చెబుతారు. ఆ నలభై ఎనిమిది మందిలో ఇంకెంతమంది నీలాగే ఏదో ఒక చాయ్ బల్ల దగ్గర నోరు మూసుకున్నారో? ఆ సంఖ్య ఏ కై స్క్వేరూ చెప్పదు. పట్టికలో దానికి గడే లేదు.

మొన్న ఆదివారం నా పక్కన జెనీఫర్ అనే అమ్మాయి కూర్చుంది. పాలకొల్లు దగ్గరి పిల్ల, నోయిడాలో ఆస్పత్రి నర్సు, వచ్చి ఆరు నెలలు కాలేదు. ప్రసంగం మొదలవగానే తల వాల్చి నిద్రపోయింది. ముగింపు ప్రార్థనకి లేపి, "ఇంత నిద్రలో ఇంత దూరం బస్సెక్కి రావడం ఎందుకమ్మా, గదిలోనే పడుకోవచ్చుగా?" అన్నాను.

"గదిలో పడుకుంటే హిందీలో పడుకున్నట్టు ఉంటుంది ఆంటీ," అంది. "వారమంతా సిస్టర్ యే దో, సిస్టర్ వో దో. ఇక్కడైతే చుట్టూ తెలుగు వినబడుతుంటే మా అమ్మ వంట చేస్తూ మాట్లాడుతున్నట్టుంటుంది. నిద్ర పడుతుంది."

సర్వే రోజున ఆ పిల్ల డ్యూటీలో ఉందట. ఆమెకు ఫారం నింపిపెట్టే నాన్న ఈ ఊళ్ళో లేడు. ఆ ఆస్పత్రి నుంచే వచ్చే మిగతా నర్సులకూ లేడు. కాబట్టి నూట ఇరవైలో వాళ్ళెవరూ లేరు.

నేను నీకు రాస్తున్నది తెలుగు ఆరాధనను కాపాడమని కాదు, సరిగా చదువు. నీకు నిజంగా అది వద్దనిపిస్తే వద్దనే టిక్కు పెట్టు, నేను ఒక్క మాట అనను. నీ చేత్తో పెట్టు. మిగతావాళ్ళను కూడా వాళ్ళ చేతులతో పెట్టనివ్వు. రిపోర్టు కింద సంతకం నీది. వెనక్కి తీసుకోవాలా, అలాగే కమిటీకి పోనివ్వాలా అన్నది నీ నిర్ణయం. నేను మీ నాన్నకి చెప్పను, పాస్టరు నథానియేలుగారికి చెప్పను. పోనిస్తే, మనిద్దరికే తెలిసిన సంగతిగా ఉండిపోతుంది. నీకు అది బరువనిపిస్తే మోయలేవు, అనిపించకపోతే నేను చెప్పేదేం లేదు.

చలి రాకముందే రజాయి పంపమంటోంది మీ అమ్మ. హాస్టల్లో పురుగులున్నాయా లేదా ముందు చెప్పు.

నీ అమ్మమ్మ,
జయకుమారి


మయూర్ విహార్
10 అక్టోబరు 2005

బంగారూ,

కమిటీ నిన్న రాత్రి భోజనాల వేళకు ముగిసింది. మీ నాన్న ఫోను చేసి సంగతి చెప్పబోతే "అమ్మమ్మ ఉత్తరం రాస్తుందిగా, అందులో చదువుతాను" అన్నావట. మీ నాన్న చిన్నబుచ్చుకున్నారు. నాకు మాత్రం రాత్రి రెండు చపాతీలు ఎక్కువ దిగాయి.

వరుసగా చెబుతాను. సెప్టెంబరు ఆఖరులో నీ ఉత్తరం మీ నాన్నకి వచ్చింది, నాకు కాదు. రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను, ఫారాలు ఇంటికొకరు నింపారు కాబట్టి ఆ లెక్క చెల్లదు, అక్టోబరు రెండున నేనే వచ్చి మళ్ళీ చేయిస్తాను అని రాశావట. ఆయన నిలబడే చదివి, కూర్చుని ఇంకోసారి చదివారు. "మీరు చెప్పించారా అత్తయ్యగారూ?" అన్నారు. "నేను చెబితే ఇంత మర్యాదగా ఉండేదా?" అన్నాను. అది ఆయన ఒప్పుకున్నారు.

ఆ ఆదివారం నువ్వు ముందు బల్ల దగ్గర నిలబడ్డావు కాబట్టి వెనక వరుసల్లో జరిగింది చూడలేదు. పదిహేనేళ్ళు దాటిన ప్రతివాళ్ళకీ తలా ఒక ఫారం, తలా ఒక పెన్సిలు, నింపి బిస్కెట్ల డబ్బాలో వేయాలి అని పాస్టరుగారు చెప్పగానే పెద్దిరాజుగారు అలవాటు ప్రకారం ఇంటిల్లిపాది ఫారాలూ చేతిలోకి తీసుకుని లేచారు. నువ్వు మైకు కూడా లేకుండా హాలు మధ్యలోకి వచ్చి, "అంకుల్, ఎవరిది వాళ్ళే నింపాలి. అవి ఇచ్చేయండి. మీకు ఒక్కటే," అన్నావు. తెలుగులో. పెద్దిరాజుగారు బడిపిల్లాడిలా ఐదు ఫారాలు తిరిగి ఇచ్చేశారు. ఎవరూ నవ్వలేదు, అనూ. నీ యాస గమనించే తీరిక ఎవరికీ లేదు. తమ చేతిలో ఎన్ని ఫారాలున్నాయో చూసుకునే కంగారులో ఉన్నారు. కమలాకుమారి తన భర్త ఫారం తటాలున సంచీలోంచి తీసి ఆయన ఒళ్ళో పడేసింది. నా పక్కన జెనీఫర్ ఇంకో ఏడుగురు నర్సులతో వచ్చి కూర్చుంది. ఆ రోజు నిద్రపోలేదు.

నువ్వు లెక్క కట్టి మీ నాన్నకి పంపిన పట్టిక కమిటీలో చదివారు. నిన్ను పరీక్షలు కట్టేశాయి కాబట్టి దాని అర్థం చెప్పడానికి పాస్టరుగారు నన్ను పిలిచారు. నూట యాభై ఫారాలు. మాట్లాడతామన్నవాళ్ళు తొంభై, అందులో తెలుగు ఆరాధన కోరినవాళ్ళు అరవై మూడు, ఇంగ్లీషు కోరినవాళ్ళు ఇరవై ఏడు. మాట్లాడం అన్నవాళ్ళు అరవై, అందులో తెలుగు ముప్పై ఏడు, ఇంగ్లీషు ఇరవై మూడు. కై స్క్వేర్ 1.125. మీ నాన్న ముఖం వేలాడేసి, "అయితే ఇది ఫెయిలయినట్టేనా అత్తయ్యగారూ? పోయినసారి ముప్పై ఒకటి వచ్చింది కదా" అన్నారు.

ఇది మార్కులు కాదు నాయనా, ఎక్కువొస్తే పాసవడానికి, అని చెప్పాను. ఈసారి మనిషి తెలుగు మాట్లాడతాడా లేదా అన్న దాన్ని బట్టి అతనికి ఏ ఆరాధన కావాలో పోల్చుకోలేం, అంతే. ఆ రెంటికీ లంకె లేదని రుజువయిందనను. ఇన్ని ఫారాల్లో అది కనిపించలేదంటాను. మరి సంఘానికి ఏం కావాలో తెలియాలంటే కై స్క్వేర్‌ని వదిలేసి మొత్తాలు చూడండి, నూట యాభైలో వంద తెలుగు అంటున్నాయి, అన్నాను.

తర్వాత మీ నాన్న లేచారు. "మా అమ్మాయి ఫారం, మా అబ్బాయి ఫారం, నా భార్యది, అత్తగారిది, అన్నీ పోయినసారి నేనే నింపాను. వాళ్ళు ఏం అనుకుంటారో నాకు తెలుసనుకున్నాను," అని ఆగి, "తెలియదు," అని కూర్చున్నారు. ఒక మగవాడు సంఘం కమిటీలో ఇంత చిన్న ఉపన్యాసం ఇవ్వగా నేను ఎన్నడూ వినలేదు.

తెలుగు ఆరాధన నిలిచింది. పిల్లల కోసం ప్రసంగం చివర పది నిమిషాలు ఇంగ్లీషులో సారం చెబుతారు. పాస్టరుగారి ఇంగ్లీషు విన్నాక పిల్లలు తెలుగే నయమంటారని నా ఆశ.

ఇంతకీ నన్ను తొలుస్తున్న అంకె ఒకటి ఉంది, ఆ ఇరవై ఏడు. తెలుగు చక్కగా మాట్లాడుతూ, ఇంగ్లీషు ఆరాధనకు టిక్కు పెట్టినవాళ్ళు ఎవరు? కమిటీ అయ్యాక పెద్దిరాజుగారి తల్లి నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "నాకు ఇంగ్లీషు ముక్క రాదమ్మా. అయినా ఇంగ్లీషుకే పెట్టాను. అలాగైనా మనవలు వచ్చి పక్కన కూర్చుంటారు కదా," అంది. ఇంటికి వస్తూ దారిలో ఆవిడ పెద్ద మనవడు లెవితో అంటుంటే విన్నాను, "మైనే తో తెలుగు పే టిక్ కియా, దాదీ కే లియే." ఆవిడ వాడి కోసం, వాడు ఆవిడ కోసం. మధ్యలో పెద్దిరాజుగారు అందరి మనసూ తనకు తెలుసంటూ తిరుగుతున్నారు.

ఫారాలయ్యాక నువ్వు నాకు రాసిన ఉత్తరంలో చివరి నాలుగు వాక్యాలు తెలుగులో ఉన్నాయి. తప్పులు లెక్కపెట్టలేదు, పెట్టనని ముందే అనుకున్నాను. తెలుగు మాట్లాడతారా అన్న ప్రశ్నకు "అవును" అని పెట్టానని రాశావు. ఏ ఆరాధన అన్నదానికి తెలుగు అని పెట్టానని రాశావు. "నీ కోసం కాదు అమ్మమ్మా, నా కోసం" అని రాశావు. నానీ అనలేదు.

అయితే నీకూ ఒకటి చెప్పాలి. పై అంకెలన్నీ కమిటీకి వల్లించినదాన్ని, ఇది మాత్రం వాళ్ళకు చెప్పలేదు. ఆ ఇరవై ఏడులో నేనొకదాన్ని. నీ సెప్టెంబరు ఉత్తరం చదివాక, నిన్ను చూసి నవ్వినచోట నా పక్కన కూర్చోమని ఏ మొహం పెట్టుకుని అడగను అనిపించింది. భాష ఏదైతేనేం, పిల్ల పక్కన ఉంటే చాలని ఇంగ్లీషుకు పెట్టి డబ్బాలో వేశాను. నా అల్లుడు నా ఫారం నింపి ఉంటే నూటికి నూరుపాళ్ళు తెలుగుకే పెట్టేవాడు, తప్పు పెట్టేవాడు. మనిద్దరిదీ ఒకే ఇల్లు. అయినా నీ చెయ్యి ఎటు వెళ్తుందో నాకు తెలియలేదు, నాది ఎటు వెళ్ళిందో నీకు తెలియలేదు. ఎవరి చెయ్యీ ఇంకొకరి ఫారం మీద పడలేదు. కై స్క్వేర్ అడిగే షరతు అదే, ఇంతకంటే బాగా దాన్ని ఎవరూ పాటించి ఉండరు. నా టిక్కు ఓడిపోయింది. ఇంత సంతోషంగా నేను ఎప్పుడూ ఓడిపోలేదు. పట్టిక తీసి చూడు, మాట్లాడేవాళ్ళ వరుసలో మనిద్దరం పక్కపక్క గడుల్లోనే కూర్చున్నాం.

ఇంకో మాట. కమిటీ లేచేముందు పాస్టరుగారు మీ నాన్నని, "వచ్చే ఆదివారం వాక్యం అనుగ్రహ చదువుతుందా?" అని అడిగారు. మీ నాన్న నోరు తెరిచారు. నా వైపు చూశారు. మూసుకున్నారు. "దాన్నే అడగండి," అన్నారు. కాబట్టి పాస్టరుగారు హాస్టల్‌కి ఫోను చేస్తారు. ఏం చెబుతావో నాకు ముందుగా రాయకు.

ఆదివారం వస్తే మాత్రం ఒక పని చేసిపెట్టు. నోయిడాలో అట్టా మార్కెట్ దగ్గర బస్సు దిగు. మిఠాయి దుకాణం పక్క సందులో కళ్ళజోళ్ళ షాపు ఉంది, అక్కడ నా దూరపు చూపు జోడు బాగుకిచ్చాను. రసీదు లెవి నీకు పోస్టులో పంపాడు. ఎడమ కమ్మీ వదులుగా ఉందని మరీ మరీ చెప్పి, నీ ముందే బిగించమను, నువ్వు పెట్టుకుని తల ఊపి చూడు, జారితే తీసుకోకు. నాలుగింటి లోపల నా చేతికి రావాలి. పోయిన ఆదివారం మైకు దగ్గర ఎవరున్నారో నాకు సరిగా ఆనలేదు.

నీ అమ్మమ్మ,
జయకుమారి